కోడునూ కార్డునూ చదివే రీడర్: ఎంపికకు ముందు తెలుసుకోవలసిన విషయాలు

చెన్నై మెట్రో రైలు 2015 జూన్ 29న కోయంబేడు, ఆలందూరు స్టేషన్ల మధ్య తొలిసారిగా ప్రయాణికులతో నడిచింది. ఆనాడు ప్రయాణికుని చేతిలో ఒక ప్లాస్టిక్ టోకెన్ గాని, మెట్రో సంస్థ ఇచ్చిన కార్డు గాని ఉండేది. నేడు గేటు వద్ద ఒకరు సెల్‌ఫోన్ తెర మీది క్యూఆర్ కోడు చూపుతారు, వెనుకనున్నవారు కాగితం మీద అచ్చయిన కోడు చూపుతారు, ఆ వెనుకవారు 2023 ఏప్రిల్‌లో ప్రవేశపెట్టిన సింగార చెన్నై కార్డును ఆనిస్తారు. అదే కార్డు 2025 జనవరి నుండి నగర రవాణా సంస్థ బస్సులలో కండక్టరు చేతి యంత్రం వద్ద కూడా చెల్లుతోంది. రేషన్ దుకాణంలో స్మార్ట్ కుటుంబ కార్డు మీది కోడును చదివే యంత్రం మన అందరికీ పరిచితమే.

ఈ యంత్రాలన్నిటి లోపల ఒక చిన్న భాగం ఉంటుంది. కోడును చూసి, కార్డును పలకరించి, అందులోని సంఖ్యను కంప్యూటరుకు అందించడం దాని పని. దానిని రీడర్ మాడ్యూల్ అంటారు. ఒకప్పుడు పెద్ద సంస్థలు మాత్రమే కొనుగోలు చేసిన ఈ భాగాన్ని ఇప్పుడు అపార్ట్‌మెంట్ సంఘాలు, విద్యార్థి వసతి గృహాలు, క్యాంటీన్లు, పఠనమందిరాలు కూడా కొనుక్కుంటున్నాయి. రిచ్చీ స్ట్రీట్ దుకాణాలలో మాడ్యూలు కొని, తామే పెట్టె తయారుచేసి అమర్చే యువకులూ మన తెలుగువారిలో ఉన్నారు. సంఘాల బాధ్యులకూ, యంత్రాలు అమర్చేవారికీ ఉపకరించాలన్నది ఈ పాఠం ఉద్దేశం.

చదువరులు మొదట ఒక లెక్క వేసుకోగలరు. ఒక రీడరు నూటికి 98 సార్లు సరిగా చదువుతుందని అమ్మకందారు చెప్పాడనుకుందాం. వినడానికి బాగానే ఉంటుంది. రోజుకు 150 మంది వచ్చే చోట దాని అర్థం ప్రతిదినం ముగ్గురు ఆగిపోతారని. ఆ ముగ్గురూ రోజుకొకరుగా మారేవారు కారు. కార్డు అరిగిపోయిన వృద్ధురాలు, తెర పగిలిన ఫోను గల కూలివాడు, చేయి వణికే రోగి, వీరే మళ్ళీ మళ్ళీ ఆగిపోతారు. కనుక రీడరును ఎంచుకునేవారు అన్నిటికంటె పాడైన కార్డునూ, అన్నిటికంటె నెమ్మదైన చేతినీ దృష్టిలో ఉంచుకుని ఎంచుకోవాలి. ఈ పాఠంలో తక్కిన విషయాలన్నీ ఆ మాటకు వివరణలే.

1. ఒకే పెట్టెలో రెండు విధాల చదువు

బార్‌కోడు చదవడం వెలుతురుతో జరిగే పని. నల్ల గీతలు వెలుతురును మింగుతాయి, తెల్లని ఖాళీలు తిరిగి పంపుతాయి. ఆ తేడాను రీడరు అంకెలుగా మారుస్తుంది. అమెరికాలో నార్మన్ జోసెఫ్ ఉడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్ అనేవారికి దీనిపై 1952లో పేటెంటు లభించింది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో ఒక దుకాణంలో చూయింగ్ గమ్ పొట్లం మీది కోడును చదవడంతో నేటి సరుకుల బార్‌కోడు వాడుకలోకి వచ్చింది. గీతలలో ఇమిడే అంకెలు కొద్ది. కార్ల విడిభాగాల లెక్కకు అంతకంటె ఎక్కువ సమాచారం అవసరమై, జపానులో డెన్సో సంస్థకు చెందిన మసాహిరో హారా బృందం 1994లో గడుల రూపంలోని క్యూఆర్ కోడును తయారుచేసింది.

కార్డు చదవడం రేడియో తరంగాలతో జరిగే పని. ఆనిస్తే చాలు పనిచేసే కార్డులో బ్యాటరీ ఉండదు. అంచుల వెంబడి సన్నని తీగచుట్ట, దానికి అతికిన చిప్పు మాత్రమే ఉంటాయి. రీడరులోని యాంటెనా సెకనుకు ఒక కోటి 35 లక్షల 60 వేల సార్లు, అనగా 13.56 మెగాహెర్ట్జ్ వేగంతో, అయస్కాంత క్షేత్రాన్ని మార్చుతూ ఉంటుంది. ఆ క్షేత్రంలోనికి వచ్చిన తీగచుట్టలో విద్యుత్తు పుట్టి చిప్పు మేల్కొని బదులు చెబుతుంది. దూరం పెరిగిన కొద్దీ ఈ క్షేత్రం వేగంగా క్షీణిస్తుంది. అందువల్లనే మెట్రో కార్డును కొన్ని సెంటీమీటర్ల దూరానికి తేవలసి ఉంటుంది. ఈ పద్ధతికి ఐఎస్ఓ 14443 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉన్నది. బ్యాంకు కార్డులు, సింగార చెన్నై కార్డు దీనినే అనుసరిస్తాయి.

2. ఏమి చదవాలో ముందు జాబితా రాయండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. పెరంబూరు ప్రాంతంలో ఒక తెలుగు సంఘానికి పఠనమందిరం ఉన్నదని, 300 మంది సభ్యులు, 4,000 పుస్తకాలు ఉన్నాయని భావించండి. సభ్యుడు కార్డు ఆనించి, పుస్తకం మీది కోడు చూపి, తానే పుస్తకం తీసుకుపోగల యంత్రం ఒకటి బల్ల మీద ఉంచదలచారు. అమ్మకందారు వద్దకు వెళ్ళకముందే ఆ యంత్రం ముందుకు రాబోయేవన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి.

కొత్త పుస్తకాల వెనుక అట్ట మీద 13 అంకెల ఐఎస్‌బీఎన్ బార్‌కోడు ఉంటుంది. అది 978తో మొదలై, భారతదేశపు ప్రచురణ అయితే తరువాత 81 గాని, 93 గాని వస్తుంది. అయితే మదరాసు నగరం తెలుగు ప్రచురణలకు కేంద్రంగా ఉన్న కాలపు పుస్తకాలకు ఈ కోడు ఉండదు. వావిళ్ళవారి ప్రతులకూ, 1947లో ఇక్కడే మొదలైన చందమామ పాత సంపుటాలకూ మనమే చీటీ అచ్చువేసి అతికించుకోవాలి. ఐఎస్‌బీఎన్ ఒక గ్రంథానికి చెందిన సంఖ్య, ఒక ప్రతికి చెందినది కాదు. ఒకే గ్రంథానికి మూడు ప్రతులుంటే ఎవరు ఏ ప్రతి తీసుకున్నారో అది చెప్పలేదు. కనుక కొత్త పుస్తకాలకూ మన సొంత చీటీ అవసరమే.

ఇక సభ్యుల వైపు చూస్తే, కొందరికి కార్డు ఇస్తాము, కొందరు ఫోనులో క్యూఆర్ కోడు చాలంటారు, కొందరు కాగితపు గుర్తింపు చీటీ మాత్రమే దాచుకోగలరు. ఈ విధంగా రాసిన జాబితాలో నాలుగు రకాలు తేలాయి: అట్ట మీది గీతల కోడు, మన చీటీ మీది కోడు, ఫోను తెర మీది గడుల కోడు, కార్డు. ఈ నాలుగింటినీ చదవలేని మాడ్యూలు ఎంత చవకైనా మనకు పనికిరాదు.

3. కోడు వైపు పరిశీలించవలసినవి

లేజరా, కెమెరానా? లేజరు రీడరు ఒక ఎర్రని కిరణాన్ని గీతల మీదుగా అటూ ఇటూ కదిలిస్తుంది. కాగితం మీది గీతలను చక్కగా చదువుతుంది గాని గడుల కోడును చదవలేదు. ఫోను తెర మీది కోడు వద్ద కూడా తరచు విఫలమవుతుంది. తెర తానే వెలుగు ఇస్తుంది, అద్దమువలె కిరణాన్ని మళ్ళిస్తుంది. కెమెరా గల మాడ్యూలు బొమ్మ తీసి అందులో కోడును వెతుకుతుంది, కోడు ఏ వైపు తిరిగి ఉన్నా చదువుతుంది. మన జాబితాలో ఫోను ఉన్నది కనుక కెమెరా మాడ్యూలే తగినది.

గీత ఎంత సన్నన? కోడులోని అన్నిటికంటె సన్నని గీత వెడల్పును బట్టి రీడరు సామర్థ్యం చెబుతారు. ఐఎస్‌బీఎన్ కోడు పూర్తి పరిమాణంలో ఉంటే ఆ గీత 0.33 మిల్లీమీటర్లు. మన చీటీలు సాధారణంగా దుకాణాలలో వాడే ఉష్ణ ముద్రణ యంత్రంపై అచ్చవుతాయి. అంగుళానికి 203 చుక్కలు పెట్టే ఆ యంత్రంలో ఒక చుక్క సుమారు 0.125 మిల్లీమీటర్లు. గీత వెడల్పు చుక్కలకు సరిసమానమైన గుణిజంగా ఉండాలి. రెండు చుక్కలైతే 0.25, మూడైతే 0.375. మధ్యలో 0.3 కావాలని కోరితే యంత్రం కొన్ని గీతలను లావుగా, కొన్నిటిని సన్నగా అచ్చువేస్తుంది. అప్పుడు తప్పు చీటీదే అయినా నింద రీడరు మీద పడుతుంది. కోడుకు ఇరువైపులా ఖాళీ స్థలం విడవడం మరవరాదు. గీతల కోడుకు సన్నని గీతకు పదిరెట్లు, క్యూఆర్ కోడుకు నాలుగు వైపులా నాలుగేసి గడులు ఖాళీగా ఉండాలి. అందం కోసం ఆ ఖాళీలో గీత గీసినా, పేరు రాసినా కోడు చదవబడకపోవచ్చు.

ఉష్ణ ముద్రణ చీటీలు వేడికి, వెలుతురుకు కొన్ని నెలలలోనే వెలిసిపోతాయి. పుస్తకాల మీద దీర్ఘకాలం ఉండవలసిన చీటీలను సిరా రిబ్బను వాడే ముద్రణతో గాని, లేజర్ ప్రింటరుతో గాని తీయించుకోవడం మేలు.

చిరిగినా చదవగలదా? క్యూఆర్ కోడులో కొంత భాగం చెడినా తక్కిన భాగం నుండి సమాచారాన్ని తిరిగి కట్టుకునే ఏర్పాటు ఉన్నది. దీనికి నాలుగు స్థాయులు. అవి సుమారు 7, 15, 25, 30 శాతం నష్టాన్ని తట్టుకుంటాయి. పై స్థాయి ఎంచుకుంటే కోడు కొంత పెద్దదవుతుంది. ఆరు అంకెల సభ్యత్వ సంఖ్య మాత్రమే రాసేటప్పుడు ఆ బాధ లేదు. అన్నిటికంటె చిన్నదైన 21 గడుల క్యూఆర్ కోడులో, అన్నిటికంటె గట్టి స్థాయిలోనే అది ఇమిడిపోతుంది. గడి అర మిల్లీమీటరు ఉంటే, ఖాళీతో సహా ఒక్కొక్క భుజం 14.5 మిల్లీమీటర్లు మాత్రమే. పేరు, చిరునామా, ఫోను సంఖ్య అన్నీ కోడులో కుక్కితే గడులు చిన్నవవుతాయి, చదవడం కష్టమవుతుంది, చీటీ పోగొట్టుకుంటే సభ్యుని వివరాలు పరుల పాలవుతాయి. సంఖ్య ఒక్కటే రాయడం అన్ని విధాలా క్షేమం.

అంకె తప్పుగా చదివితే? గీతల కోడుల చివర ఒక సరిచూపు అంకె ఉంటుంది. మన సొంత చీటీలకూ దీనిని చేర్చుకోవచ్చు. 20417 అనే ప్రతి సంఖ్యను తీసుకోండి. అంకెలను వరుసగా 1, 3, 1, 3, 1 చేత గుణించి కూడితే 2, 0, 4, 3, 7 కలిపి 16 వస్తుంది. దానిని తరువాతి పదుల సంఖ్యయైన 20కి చేర్చేందుకు 4 కావాలి. అదే సరిచూపు అంకె, చీటీ మీద 204174 అని అచ్చువేస్తాము. 1ని ఎవరైనా 7గా పొరబడి 204774 అని టైపు చేస్తే మొత్తం 34 అయి, కావలసిన అంకె 6 అవుతుంది. చీటీలో 4 ఉన్నది కనుక కంప్యూటరు దానిని తిరస్కరిస్తుంది. కోడ్ 128 అనే రకంలో ఇటువంటి సరిచూపు విధిగా ఉంటుంది, కోడ్ 39లో అది ఐచ్ఛికం. కొత్తగా మొదలుపెట్టేవారు కోడ్ 128 ఎంచుకోవచ్చు. అంకెలు మాత్రమే ఉన్నప్పుడు అది తక్కువ స్థలంలో ఇమిడిపోతుంది కూడ.

ఫోను విషయంలో ఒక చిన్న చిక్కు ఉన్నది. కొందరి ఫోనులు నల్లని నేపథ్యంతో ఉంటాయి. అప్పుడు కోడు తెల్ల గడులతో తలకిందులైన రంగులలో కనబడవచ్చు. కొన్ని మాడ్యూళ్ళు దానిని నేరుగా చదువుతాయి, కొన్నిటిలో ప్రత్యేకంగా ఆ సౌకర్యాన్ని తెరవాలి. కొనేముందే అడిగి తెలుసుకోవలసిన సంగతి ఇది.

4. కార్డు వైపు పరిశీలించవలసినవి

ఇక్కడ చాలామంది పొరబడతారు. కార్డు తన సంఖ్యను చెప్పడం వేరు, తాను అసలైన కార్డునని నిరూపించుకోవడం వేరు.

ప్రతి కార్డు చిప్పులోనూ తయారీదారు వేసిన ఒక వరుస సంఖ్య ఉంటుంది. చవకరకం రీడర్లు ఆ సంఖ్యను మాత్రమే చదివి తలుపు తెరుస్తాయి. ఆ సంఖ్య రహస్యం కాదు. ఏ రీడరు అడిగినా కార్డు దానిని చెప్పేస్తుంది, దానిని మరొక ఖాళీ కార్డులోనికి ఎక్కించడం కష్టం కాదు. 125 కిలోహెర్ట్జ్‌పై పనిచేసే పాతరకం తలుపు కార్డులలో అనేకం ఈ కోవకు చెందినవే. వసతి గృహపు తలుపుకు ఇటువంటి కార్డు పెట్టడం తాళంచెవి నమూనాను గుమ్మానికి వేలాడదీయడం వంటిది.

రెండవ రకంలో కార్డుకూ రీడరుకూ ఒక రహస్య సంఖ్య తెలిసి ఉంటుంది. దానిని బయటికి చెప్పకుండానే ఒకరినొకరు పరీక్షించుకుంటారు. అయితే ఆ పరీక్షలోనూ గట్టివి, బలహీనమైనవి ఉన్నాయి. ప్రపంచమంతటా విరివిగా వాడుకలోకి వచ్చిన మైఫేర్ క్లాసిక్ అనే కార్డు 48 బిట్ల రహస్య సంఖ్యతో పనిచేసేది. 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాని రక్షణను ఛేదించవచ్చునని నిరూపించారు. ఆ దేశపు రవాణా కార్డుకూ, లండన్ నగరపు ఆయిస్టర్ కార్డుకూ ఆ చిప్పే ఆధారం. తయారీ సంస్థ ఆ పరిశోధన ప్రచురణను ఆపించాలని న్యాయస్థానానికి వెళ్ళినా ఫలితం లేకపోయింది. తరువాత లండన్ రవాణా సంస్థ మరింత గట్టి రక్షణ గల డెస్‌ఫైర్ రకానికి మారింది. అంతటి నగరాలు విడిచిపెట్టిన పాతరకం కార్డులు నేటికీ చవకగా అమ్ముడవుతూనే ఉన్నాయి. కనుక కొనేవారు అడగవలసిన ప్రశ్న ఇది: "ఈ మాడ్యూలు కార్డు వరుస సంఖ్యను మాత్రమే చదువుతుందా, ఏఈఎస్ రక్షణ గల కార్డుతో రహస్య పరీక్ష కూడా జరుపుతుందా?" రెండవదానికి స్పష్టమైన సమాధానం రాకపోతే ముందుకు సాగనవసరం లేదు.

అన్ని చోట్లా అంత గట్టి కార్డు అవసరమా అన్న సందేహం సహజం. పఠనమందిరంలో పుస్తకం తీసుకునేందుకు కాగితం మీది క్యూఆర్ కోడు కూడా చాలును. ఎవరైనా దానిని ఫోటో తీసి వాడితే నష్టం ఒక పుస్తకం, అది కూడా పట్టుబడేదే. ఆడపిల్లల వసతి గృహపు తలుపుకు గాని, సొమ్ము నిలువ ఉండే క్యాంటీను కార్డుకు గాని ఆ మాట చెల్లదు. పోగొట్టుకుంటే ఏమి నష్టమో దానిని బట్టి రక్షణ నిర్ణయించుకోవాలి.

బ్యాంకు కార్డును గాని, సింగార చెన్నై కార్డును గాని సభ్యత్వ కార్డుగా వాడుకుందామనే ఆలోచన కొందరికి కలుగుతుంది. దీనిని మానుకోవడం ఉత్తమం. ఆ కార్డుల నుండి సొమ్ము స్వీకరించే యంత్రాలకు వేరే ధ్రువీకరణలు తప్పనిసరి. సొమ్ముతో పనిలేకపోయినా సభ్యుల బ్యాంకు కార్డు వివరాలు మన కంప్యూటరులో చేరడం మనకే ప్రమాదం. ఫోనునే కార్డువలె ఆనించాలనుకునేవారు కూడా ఒక సంగతి గమనించాలి. అనేక ఫోనులు ప్రతిసారీ వేరువేరు వరుస సంఖ్యను ఇస్తాయి. వరుస సంఖ్యపై ఆధారపడిన ఏర్పాటు అక్కడ పనిచేయదు.

5. కంప్యూటరుతో కలపడం

మాడ్యూలు తాను చదివినదానిని కంప్యూటరుకు పంపే మార్గాలు కొన్ని ఉన్నాయి. వాటిలో సులభమైనది కీబోర్డు పద్ధతి. యూఎస్‌బీ తీగ గుచ్చగానే కంప్యూటరు దానిని మరొక కీబోర్డు అనుకుంటుంది. కోడు చదవగానే ఎవరో టైపు చేసినట్లు అంకెలు పడతాయి. ప్రత్యేకమైన ప్రోగ్రాము అక్కరలేదు.

ఈ సౌలభ్యం వెనుక ఒక ఇబ్బంది పొంచి ఉన్నది. తెలుగు, తమిళ భాషలలో టైపు చేసే కార్యాలయాలలో అది తప్పక ఎదురవుతుంది. పుస్తక సంఖ్యల ముందు టి, ఎల్ అనే రెండు ఆంగ్లాక్షరాలు చేర్చిన ఒక పఠనమందిరంలో ఉన్నట్టుండి పుస్తకాలేవీ దొరకడం మానేశాయి. తెర మీద 20417 ముందు "ఊథ" అని పడుతున్నది. రీడరు చెడిపోయిందని తిరిగి పంపబోయారు. నిజానికి అంతకుముందు ఎవరో కంప్యూటరులో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును తెరిచి మూయలేదు. ఆ అమరికలో ఆంగ్లపు టి పెద్దక్షరం స్థానంలో ఊ, ఎల్ పెద్దక్షరం స్థానంలో థ ఉంటాయి. రీడరు తన పని తాను సరిగానే చేసింది. పుస్తక సంఖ్యలలో అంకెలు మాత్రమే వాడితే ఈ చిక్కు చాలావరకు తప్పుతుంది. రీడరును కీబోర్డు పద్ధతి నుండి సీరియల్ పోర్టు పద్ధతికి మార్చితే పూర్తిగా తప్పుతుంది.

సీరియల్ పద్ధతికి మారడానికి మరొక కారణమూ ఉన్నది. కీబోర్డు పద్ధతిలో రీడరు ఏది చదివినా తెర మీద తెరిచి ఉన్న చోట టైపు అవుతుంది. దురుద్దేశంతో తయారుచేసిన కోడును ఎవరైనా చూపితే అది కంప్యూటరుకు ఆదేశంగా మారే ప్రమాదం ఉన్నది. అందరికీ అందుబాటులో ఉండే యంత్రాలలో ఈ పద్ధతి వాడకపోవడం మేలు.

చిన్న కంప్యూటరు బోర్డుకు మాడ్యూలును నేరుగా కలిపేవారు వోల్టేజీని సరిచూసుకోవాలి. మాడ్యూలు బయట రాసిన "సీరియల్" అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి 3.3 లేక 5 వోల్టుల సంకేతం, రెండవది అంతకు మించిన వోల్టేజీ ఇరువైపులా ఊగే ఆర్ఎస్-232 సంకేతం. రెండవదానిని మొదటిదానికి నేరుగా కలిపితే బోర్డు కాలిపోతుంది. దూరం కూడా గమనించాలి. యూఎస్‌బీ తీగ సాధారణంగా 5 మీటర్లకు మించరాదు. గేటు ఒకచోట, కంప్యూటరు మరొకచోట ఉంటే ఆర్ఎస్-485 పద్ధతి తగినది. అది వందల మీటర్ల దూరం పనిచేస్తుంది.

6. అమర్చే చోటు, మన వాతావరణం

కార్డు యాంటెనాకు లోహం పనికిరాదు. ఇనుప పెట్టెలో బిగిస్తే అయస్కాంత క్షేత్రం ఆ ఇనుములోనే వ్యర్థమవుతుంది. బల్ల మీద నాలుగు సెంటీమీటర్ల దూరం నుండి పలికిన కార్డు పెట్టెలో బిగించాక ఆనించినా పలకకపోవచ్చు. యాంటెనా ముందు భాగం ప్లాస్టిక్ గాని, అద్దం గాని ఉండాలి. వెనుక లోహం తప్పనిసరి అయితే మధ్యలో ఫెరైటు పలక పెట్టాలి. కెమెరా ముందరి అద్దం నేరుగా అతికి ఉంటే దాని సొంత దీపపు వెలుగే ప్రతిఫలించి కోడును కప్పివేస్తుంది. మాడ్యూలు తయారీదారు సూచించిన కోణాన్ని పాటించాలి. ఎండ నేరుగా పడే దిక్కును విడిచిపెట్టాలి.

చెన్నైలో 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. మూసిన పెట్టె ఎండలో ఉంటే లోపలి వేడి అంతకు మించుతుంది. అందుచేత ఆరుబయట అమర్చేదానికి 60 డిగ్రీల వరకు పనిచేస్తుందని రాసి ఉన్న మాడ్యూలునే కోరాలి. సముద్రపు ఉప్పుగాలి కనెక్టర్లను తుప్పుపట్టిస్తుంది. రాయపురం, తిరువొత్తియూరు వంటి తీరప్రాంతాలవారు దీనిని ప్రత్యేకంగా గమనించగలరు. ఐపీ అనే అక్షరాల పక్కన రెండు అంకెలుంటాయి. మొదటిది దుమ్ము నుండి, రెండవది నీటి నుండి రక్షణను తెలుపుతుంది. లోపలి గదికి ఐపీ 54, వాన జల్లు తగిలే గేటుకు ఐపీ 65 తగినవి. అయితే ఆ రక్షణ మాడ్యూలు ముందు భాగానికి మాత్రమేనా, వెనుక భాగానికి కూడానా అని అడగాలి. 2015 డిసెంబరు వరదలను చూసినవారికి విద్యుత్ సరఫరా పెట్టెను నేలకు ఎత్తుగా పెట్టవలసిన అవసరాన్ని వేరుగా చెప్పనక్కరలేదు.

7. యంత్రం ముందు నిలిచే మనిషి

రీడరు చదివిందో లేదో మనిషికి తెలియాలి. ఎర్రదీపం, పచ్చదీపం మాత్రమే ఉంటే రంగులు తెలియనివారికి ఉపయోగపడదు. శబ్దం మాత్రమే ఉంటే వినికిడి లోపం ఉన్నవారికి తెలియదు. రెండూ ఉండాలి, విజయానికి ఒక ధ్వని, వైఫల్యానికి వేరొక ధ్వని ఉండాలి. కార్డు ఆనించవలసిన చోటు, కోడు చూపవలసిన చోటు వేరువేరుగా ఉంటే బొమ్మలతో గుర్తులు వేయాలి. చక్రాల కుర్చీలో కూర్చున్నవారి చేయి అందే ఎత్తులో అమర్చాలి. తెర మీది సందేశం తమిళంలోనూ, తెలుగులోనూ, ఆంగ్లంలోనూ ఉండగలిగితే మంచిది. "చదవలేదు, మళ్ళీ చూపండి" అన్న మాటకూ "మీకు అనుమతి లేదు" అన్న మాటకూ చాలా తేడా ఉన్నది. చవక యంత్రాలు రెండింటికీ ఒకే కూత పెడతాయి. కోడు మాసినందుకు ఆగిన మనిషి పదిమంది ఎదుట దొంగవలె నిలబడవలసి వస్తుంది.

వేగం కూడా మర్యాదలో భాగమే. లండన్ రవాణా సంస్థ తన గేట్ల వద్ద కార్డు పరీక్ష అర సెకనులో ముగియాలని నియమం పెట్టుకున్నది. పఠనమందిరానికి అంత తొందర లేదు. అయినా రెండు సెకన్లు దాటితే మనుషులు కార్డును తీసి మళ్ళీ పెడతారు, దానితో మరింత ఆలస్యమవుతుంది.

యంత్రం ఎంత మంచిదైనా పక్కన ఒక రిజిస్టరు పుస్తకం, కలము ఉంచండి. కరెంటు పోయినప్పుడూ, కార్డు మరచి వచ్చినప్పుడూ సభ్యుని పేరు రాసి పుస్తకం ఇవ్వగలగాలి.

ఎవరు ఎప్పుడు వచ్చారన్న వివరం వ్యక్తిగత సమాచారమే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దీనికి వర్తించగలదు. అవసరమైనంత మేరకే రాసుకోవడం, పని తీరాక తుడిచివేయడం, సంఘం బాధ్యులలో ఎవరు చూడవచ్చునో ముందే నిర్ణయించుకోవడం మంచి అలవాట్లు.

8. కొనేముందు చేయవలసిన పరీక్ష

దుకాణంలో చూపే నమూనా కోడు ఎప్పుడూ చక్కగా చదవబడుతుంది. మీ నమూనాలు మీరే తీసుకువెళ్ళండి. కొన్ని సూచనలు:

అ) వెలిసిన చీటీ, నలిగిన చీటీ, ప్లాస్టిక్ అట్ట వేసిన చీటీ, గుండ్రని పుస్తకపు వెన్ను మీది చీటీ చదివించండి.

ఆ) తెర పగిలిన ఫోను, వెలుగు తగ్గించిన ఫోను, నల్లని నేపథ్యం గల ఫోను చూపించండి.

ఇ) మీరు వాడబోయే రకపు కార్డునే తెప్పించి, మీ పెట్టె లోపల మాడ్యూలును బిగించిన తరువాత ఆనించి చూడండి.

ఈ) ఎండలో ఒకసారి, చీకటి గదిలో ఒకసారి పరీక్షించండి.

ఉ) ప్రతి నమూనాను ఇరవైసార్లు చూపి, ఎన్నిసార్లు విఫలమైందో రాసుకోండి. సగటు చూసి తృప్తిపడక, అన్నిటికంటె ఎక్కువసార్లు విఫలమైన నమూనా ఏదో చూడండి.

ఊ) వృద్ధులొకరిని, చదువు రానివారొకరిని వెంట తీసుకువెళ్ళి, ఏమీ చెప్పకుండా వాడమనండి.

కాగితాల విషయానికి వస్తే, రేడియో తరంగాలు వెలువరించే పరికరం కనుక కేంద్ర టెలికాం శాఖవారి ఈటీఏ ఆమోదం ఉన్నదా అని అడగండి. ప్రోగ్రాము రాసేందుకు కావలసిన ఆదేశాల పుస్తకం ఇస్తారా, అదే మాడ్యూలు మరికొన్నేళ్ళు దొరుకుతుందా, చెడితే చెన్నైలోనే బాగుచేస్తారా అన్నవి కూడా రాతపూర్వకంగా తీసుకోండి. పన్ను బిల్లు లేకుండా కొనకండి.

సారాంశం

ముందు ఏమి చదవాలో జాబితా రాయాలి. ఫోను ఉంటే కెమెరా రకం తీసుకోవాలి. పోతే నష్టం ఉన్నచోట వరుస సంఖ్యను నమ్మక రహస్య పరీక్ష జరిపే కార్డును కోరాలి. కీబోర్డు పద్ధతి కంటె సీరియల్ పద్ధతి సురక్షితం. లోహం, ఎండ, ఉప్పుగాలి, నీరు వీటిని ముందే లెక్కలోకి తీసుకోవాలి. చదవనప్పుడు మనిషికి గౌరవంగా చెప్పే ఏర్పాటు, రిజిస్టరు పుస్తకం రెండూ ఉండాలి.

అభ్యాసం

1. మీ అపార్ట్‌మెంటు లేక వసతి గృహపు గేటు వద్ద రీడరు ముందుకు వచ్చేవన్నీ జాబితాగా రాయండి. పనిమనిషి, పాలవాడు, చుట్టాలు వచ్చినప్పుడు ఏమి చూపుతారో అందులో చేర్చండి.

2. 31526 అనే సంఖ్యకు ఈ పాఠంలోని పద్ధతిలో సరిచూపు అంకె కనుక్కోండి. (జవాబు: 3, 3, 5, 6, 6 మొత్తం 23, కావలసిన అంకె 7.)

3. మీరు రోజూ వాడే కార్డు రీడరు మిమ్మల్ని ఎప్పుడైనా ఆపిందా? అది చదవలేక ఆపిందో, అనుమతి లేక ఆపిందో మీకు తెలిసిందా? తెలియకపోతే ఆ యంత్రంలో ఏమి మార్చాలో సంఘం బాధ్యులకు ఒక లేఖ రాయండి.